పంచాయతీ ఖర్చు పెరిగితే మాతృ మరణాలు తగ్గుతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు కొత్తగా సర్పంచ్ అయ్యారు. పక్క మండలంలో ఒక బాలింత చనిపోయాక మీ ఊళ్లో చర్చ మొదలైంది. స్థానిక సంస్థలు ఆరోగ్యం మీద ఎక్కువ ఖర్చు పెట్టిన చోట తల్లుల మరణాలు నిజంగా తగ్గుతాయా? తగ్గితే మీ పంచాయతీ దగ్గరున్న కొద్దిపాటి డబ్బు దేనికి పెట్టాలి? ఊళ్లో అందరూ అంటున్నట్టు పంచాయతీ తరఫున ఒక అంబులెన్స్ కొనొచ్చా?

నేను పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరుగా ఉద్యోగం మొదలుపెట్టి, తర్వాత చాలా ఏళ్లు జిల్లాలో మాతృ మరణాల సమీక్షల్లో కూర్చున్నాను. ముందు సూటిగా జవాబు చెప్తాను.

ఎంత ఖర్చు పెట్టారన్న లెక్కకూ మరణాల సంఖ్యకూ సంబంధం ఉంది గానీ, చాలా వదులుగా ఉంది. ఆపద మొదలైనప్పటి నుంచి వైద్యం అందేదాకా పట్టే సమయాన్ని ఆ ఖర్చు తగ్గిస్తే మాత్రం ఫలితం కచ్చితంగా కనిపిస్తుంది. పంచాయతీ డబ్బుతో ఆపరేషన్లు చేయించలేం, రక్తనిధి పెట్టలేం. కానీ సమయం తగ్గించే పనులు కొన్ని పంచాయతీ తప్ప ఇంకెవరూ చేయరు. అంబులెన్స్ మాత్రం కొనకండి, ఎందుకో కింద రాస్తాను.

మొదట లెక్కలు చూద్దాం. గర్భంతో ఉండగా గానీ, గర్భం ముగిసిన 42 రోజుల లోపు గానీ, గర్భానికి సంబంధించిన కారణంతో తల్లి చనిపోతే దాన్ని మాతృ మరణం అంటారు. లక్ష సజీవ జననాలకు అలాంటి మరణాలు ఎన్నో లెక్క కడతారు. 2018-20 లెక్కల్లో దేశ సగటు 97. కేరళ 19, తెలంగాణ 43, ఆంధ్రప్రదేశ్ 45, తమిళనాడు 54, అస్సాం 195.

కేరళను చూసి చాలామంది "చూశారా, పంచాయతీలకు డబ్బూ అధికారం ఇస్తే ఇలా ఉంటుంది" అంటారు. అందులో నిజం ఉంది. 1996లో అక్కడ ప్రజా ప్రణాళిక మొదలైనప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు మళ్లించారు. పీహెచ్‌సీలను గ్రామ పంచాయతీల కిందికి తెచ్చారు. కానీ పక్కనే ఉన్న తమిళనాడు పంచాయతీలకు అంత అధికారం ఇవ్వలేదు. అక్కడ పనంతా రాష్ట్రమే చేసింది. మందుల కొనుగోలుకు 1994లోనే కార్పొరేషన్ పెట్టింది, పీహెచ్‌సీల్లో రాత్రింబవళ్లు కాన్పులు జరిగేలా స్టాఫ్ నర్సులను వేసింది, ప్రతి తల్లి మరణాన్నీ విచారించింది. 2001-03లో తమిళనాడు రేటు 134, కేరళ రేటు 110. రెండూ బాగా తగ్గాయి. కాబట్టి డబ్బు ఎవరి చేతిలో ఉందన్నదాని కంటే, ఆ డబ్బు ఏ పనిగా మారిందన్నదే ముఖ్యమని నేను నమ్ముతాను. పైగా కేరళలో ఆడపిల్లల చదువు, ఇంటికి దగ్గర్లో ఆసుపత్రి, 2004 నుంచి ప్రసూతి వైద్యులే ముందుండి నడుపుతున్న మరణాల సమీక్ష, ఇవన్నీ కలిసి పనిచేశాయి.

మన సంగతే తీసుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ రేటు 2001-03లో 195. 2011-13 నాటికి 92. పదేళ్లలో సగానికి పైగా తగ్గింది. ఆ పదేళ్లలో మన పంచాయతీలు ఆరోగ్యం మీద పెట్టిన డబ్బు నామమాత్రమే. మరి ఏం మారింది? 2005 ఆగస్టులో 108 వచ్చింది. అదే ఏడాది జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలై ఊరికో ఆశా కార్యకర్త వచ్చింది. రోడ్లు పడ్డాయి. 24 గంటల పీహెచ్‌సీలు వచ్చాయి. కాన్పుల సంఖ్య తగ్గింది, ఫోన్లు వచ్చాయి. ఇందులో చాలావరకు "మాతృ ఆరోగ్యం" అనే పద్దు కింద కనిపించని ఖర్చే.

ఖర్చుకూ ఫలితానికీ ముడిపెట్టేటప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. మరణాలు ఎక్కువున్న చోటికే ప్రభుత్వం ఎక్కువ డబ్బు పంపుతుంది. మన్యంలో మనిషి తలకు ఖర్చు ఎక్కువే, మరణాలూ ఎక్కువే. పట్టిక మాత్రమే చూసినవాడు ఖర్చు పెడితే మరణాలు పెరుగుతాయని కూడా రాసేయగలడు. అటు డబ్బున్న చోట రోడ్లు, చదువు, ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఉంటాయి కాబట్టి, అక్కడి మంచి ఫలితమంతా పంచాయతీ ఖర్చు ఖాతాలో వేయడమూ తప్పే. అమెరికా మనిషి తలకు వైద్యం మీద ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఖర్చు పెడుతుంది. 2023లో అక్కడి మాతృ మరణాల రేటు 18.6, నల్లజాతి తల్లుల్లో అయితే 50.3. లెక్కించే పద్ధతులు వేరు కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చలేం గానీ, డబ్బు ఒక్కటే చాలదని మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు మీలాంటి వాళ్లకు నేను ముందుగా చెప్పే మాట. మీ పంచాయతీ పనితీరును మరణాల సంఖ్యతో కొలవకండి. 3,000 జనాభా ఉన్న ఊళ్లో ఏడాదికి 45, 50 కాన్పులు అవుతాయి. లక్షకు 45 మరణాల రేటుతో లెక్కేస్తే అలాంటి ఊళ్లో ఒక మాతృ మరణం జరగడానికి 40 ఏళ్లు దాటుతుంది. 50,000 జనాభా ఉన్న మండలంలో కూడా సుమారు మూడేళ్లకు ఒకటి. అంటే మీ అయిదేళ్ల పదవీకాలంలో ఊళ్లో ఒక్క మరణం కూడా జరగకపోవచ్చు, మీరు ఏమీ చేయకపోయినా సరే. అలాగే అన్నీ చేసినా ఒకటి జరగొచ్చు. మరి దేన్ని చూడాలి? గర్భిణులలో 7 గ్రాముల కంటే తక్కువ హిమోగ్లోబిన్ ఉన్నవాళ్లు ఎందరు, మూడో నెల లోపు నమోదైనవాళ్లు ఎందరు, ఫోన్ చేశాక బండి రావడానికి ఎంతసేపు పట్టింది, ఫిట్స్ వచ్చి గానీ రక్తస్రావమై గానీ చావు అంచుదాకా వెళ్లి బతికినవాళ్లు ఎవరు. ఇవి ఏటా మారతాయి, మీకు కనిపిస్తాయి.

సమీక్షల్లో మేము ప్రతి మరణాన్నీ మూడు ఆలస్యాల కింద విడదీస్తాం. ఇంట్లో నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, ఆసుపత్రికి చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. కలెక్టర్ ముందు జరిగే సమీక్షకు చనిపోయిన తల్లి ఇంటివాళ్లు కూడా వస్తారు. వాళ్లను మేము అడిగే ప్రశ్నల్లో సగం గడియారం గురించే. కడుపునొప్పి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు బయల్దేరారు, మొదటి ఆసుపత్రిలో ఎంతసేపు ఉంచారు, అక్కడి నుంచి ఇంకో చోటికి రాసేటప్పుడు ముందుగా ఫోన్ చేశారా? కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే ప్రాణం పోవడానికి రెండు గంటలు చాలు. ఫిట్స్‌కూ, ఇన్ఫెక్షన్‌కూ ఇంకాస్త వ్యవధి ఉంటుంది. కాబట్టి దూరం అంటే కిలోమీటర్లు కాదు, గంటలు.

నేను చూసిన ఒక ఊరి సంగతి చెప్తాను. పీహెచ్‌సీ తొమ్మిది కిలోమీటర్లే. మధ్యలో వాగు మీద పాత కల్వర్టు. వానాకాలంలో నీళ్లు పైనుంచి పారితే 108 అవతలే ఆగిపోయేది. మంచం మీద మోసుకొచ్చి బండి ఎక్కించేవాళ్లు. మాయ పడక రక్తం పోతున్న ఒక తల్లిని అలా తెచ్చేసరికి బీపీ అందలేదు. అదృష్టం కొద్దీ బతికింది. తర్వాత అక్కడ కల్వర్టు ఎత్తు పెంచారు. ఆ ఖర్చు ఏ ఆరోగ్య పద్దులోనూ లేదు, రోడ్ల పనిలో పోయింది. కానీ ఆ ఊరి తల్లులకు అంతకంటే పెద్ద ఆరోగ్య పథకం నేను చూడలేదు. అందుకే తల్లుల కోసం ఖర్చు అనగానే ఆరోగ్యం పద్దు ఒక్కటే చూడకండి, దారి మొదట చూడండి.

రోడ్డు వేయలేని చోట మనిషినే ముందుగా తీసుకురావాలి. కొండ మీది ఊళ్ల నుంచి డోలీలో మోసుకొచ్చే బాధ మన్యంలో అందరికీ తెలుసు. ఉమ్మడి విజయనగరం జిల్లా సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం వసతి గృహం పెట్టారు. నెలలు నిండే ముందే వచ్చి అక్కడ ఉండి, నొప్పులు రాగానే ఆసుపత్రికి వెళ్తారు. మీది మైదాన ప్రాంతమే అయినా ఈ ఆలోచన పనికొస్తుంది. వానాకాలంలో నెలలు నిండేవాళ్లు ఎవరో ముందే చూసుకుని, నాలుగు రోజులు ముందుగా మండల కేంద్రంలోని చుట్టాల ఇంటికి పంపమని చెప్పడానికి రూపాయి ఖర్చు లేదు.

ఇక సబ్‌సెంటర్, అంటే ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రం. మీరు ఒక పని చేయండి. అక్కడ పనిచేసే ఏఎన్‌ఎం (ఊరి నర్సు) అమ్మాయిని నొప్పించకుండా గర్భిణుల రిజిస్టర్ ఒకసారి చూడండి. బీపీ గడిలో వరసగా 110/70, 120/80, 110/70 అనే ఉంటే, అక్కడ బీపీ యంత్రం పనిచేయడం లేదని అనుమానించండి. నేను తనిఖీకి వెళ్లిన ఒక చోట పేజీలకు పేజీలు అలాగే ఉన్నాయి. యంత్రం తీసి చూస్తే రబ్బరు గొట్టం చీలి గాలి నిలవడం లేదు. ఆ అమ్మాయి పైకి చెప్పి చెప్పి విసిగిపోయింది. గడి ఖాళీగా ఉంచితే తిడతారని నింపుతోంది. గుర్రపువాతం అని పెద్దవాళ్లు పిలిచే, గర్భిణులకు ఫిట్స్ తెప్పించే జబ్బు ముందు బీపీగానే కనిపిస్తుంది. సమయానికి పట్టుకుంటే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్ ఫిట్స్ వచ్చే ప్రమాదాన్ని సగానికి తగ్గిస్తుంది. అది చాలా చవక మందు. కానీ మొదట బీపీ కనిపించాలి కదా. కొత్త యంత్రం, దానికి సెల్స్, హిమోగ్లోబిన్ పరీక్ష స్ట్రిప్పులు, బరువు చూసే మిషన్, పరీక్ష చేసే చోట ఒక తెర, పనిచేసే మరుగుదొడ్డి. ఇవన్నీ మీ స్థాయిలో తేలే ఖర్చులే.

పీహెచ్‌సీలో కరెంటు కూడా అడగండి. కాన్పయ్యాక రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఎండాకాలంలో గంటల తరబడి కరెంటు పోయి, ఫ్రిజ్‌కు బ్యాకప్ లేకపోతే సీసా ఉంటుంది గానీ మందు బలం ఉండదు. నర్సు ఇంజక్షన్ ఇచ్చానంటుంది, నిజమే, కానీ గర్భసంచి గట్టిపడదు. ఒక ఇన్వర్టర్ పెట్టించడం మండల పరిషత్‌తో మాట్లాడి చేయగలిగిన పని.

రక్తహీనత గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే మన దగ్గర అసలు గొడవ ఇక్కడే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 53.7 శాతం, తెలంగాణలో 53.2 శాతం గర్భిణులకు రక్తం తక్కువ. అదే సర్వేలో ఆసుపత్రి కాన్పులు రెండు రాష్ట్రాల్లోనూ 96 శాతం పైనే. అంటే దాదాపు అందరినీ ఆసుపత్రికి తెచ్చేశాం, కానీ సగం మందిని నీరసంగానే తెచ్చాం. ఒంట్లో రక్తం బాగా ఉన్న తల్లి అర లీటరు పోయినా తట్టుకుంటుంది. హిమోగ్లోబిన్ 6 గ్రాములే ఉన్న తల్లి తట్టుకోలేదు. ఐరన్ మాత్రలు 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వాడాలి. ఇవ్వడం ఇస్తున్నారు. మింగుతున్నారా అన్నదే ప్రశ్న. వికారమని, విరేచనం నల్లగా వస్తోందని, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని పక్కన పెట్టేస్తారు. మాత్రలు అరగని వాళ్లకు ఐరన్ ఇంజక్షన్లు సెలైన్‌లో ఎక్కిస్తారు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అక్కడిదాకా తీసుకెళ్లే ఆటో ఖర్చుకు మీ గ్రామ ఆరోగ్య కమిటీ డబ్బు వాడమని నేను చెప్తాను.

పథ్యం కూడా మాట్లాడాల్సిందే. బాలింతకు కారప్పొడి అన్నం పెట్టి, కూరలు, పప్పు, మంచినీళ్లు కూడా తగ్గించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రక్తం పోయిన మనిషికి అలా చేయడం చాలా ప్రమాదం. డాక్టరు చెబితే వినని అత్తగారు, సర్పంచ్ గారి భార్యో తల్లో ఇంటికొచ్చి కూర్చుని చెబితే వింటుంది. అంగన్‌వాడీలో ఇచ్చే పాలు, గుడ్లు, తిండి గర్భిణి నిజంగా తానే తింటోందా, లేక ఇంట్లో అందరికీ పంచుతోందా అన్నది కూడా మీరే కనుక్కోగలరు.

పుట్టింటి కాన్పులను ఎవరూ లెక్కలో పెట్టుకోరు. తొలి కాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. అత్తగారి ఊరి ఏఎన్‌ఎం "వెళ్లిపోయింది" అని రాస్తుంది. పుట్టింటి ఊరి ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో ఆమె పేరే ఉండదు. సరిగ్గా ప్రమాదం ఎక్కువగా ఉండే నెలల్లో ఆ పిల్ల ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. మేము సమీక్షించిన మరణాల్లో ఈ మాట పదేపదే వచ్చేది. మీ ఊరి నుంచి వెళ్లినవాళ్లు, మీ ఊరికి వచ్చినవాళ్లు, ఈ రెండు జాబితాలు నెలకోసారి ఆశా కార్యకర్తతో కూర్చుని రాయించండి. వెళ్లిన ఊరి ఏఎన్‌ఎంకు ఫోన్ చేయించండి. దీనికి కావలసింది డబ్బు కాదు, పట్టించుకునే మనిషి.

డబ్బు ఎక్కడుందో కూడా చెప్తాను. రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లోని 29 అంశాల్లో ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం, స్త్రీ శిశు అభివృద్ధి ఉన్నాయి కాబట్టి "ఇది మా పని కాదు" అని పంచాయతీ అనడానికి లేదు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల వరకు నిధి ఉంటుంది. సర్పంచ్, ఏఎన్‌ఎం ఉమ్మడి ఖాతా. చాలా చోట్ల సర్పంచ్ మారాక సంతకాలు మార్చుకోక ఆ ఖాతా మూతబడి ఉంటుంది. లేదంటే మార్చి నెలాఖరులో బ్లీచింగ్ పౌడర్ కొన్నట్టు రాసి ఖర్చు చూపిస్తారు. మీరు మొదట బ్యాంకుకు వెళ్లి ఆ సంతకం మార్పించుకోండి. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టుబడి ఉండేది. మిగతా 40 శాతం ఊరి అవసరానికి వాడుకునే వీలుండేది, జీతాలకు తప్ప. ఇది కాకుండా 2021-26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యం మీద పెట్టమని ఆ సంఘం 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. నాకు పరిచయమున్న సర్పంచ్‌లలో చాలామందికి ఆ పద్దు ఉన్నట్టే తెలియదు. మీ మండలంలో దాంతో ఏ సబ్‌సెంటర్ భవనం మంజూరైంది, ఎంతవరకు వచ్చిందో అడగండి. ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధనలు మీ పంచాయతీ కార్యదర్శి దగ్గర చూసుకుని, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఈ పనులను పేరుపేరునా రాయించండి. ప్రణాళికలో లేని పనికి తర్వాత బిల్లు పెట్టలేరు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. నగదు ఇస్తే జనం ఆసుపత్రికి వస్తారు, అది రుజువైంది. 2005లో మొదలైన జననీ సురక్ష యోజన తర్వాత దేశమంతా ఆసుపత్రి కాన్పులు బాగా పెరిగాయి. కానీ ఆ పెరుగుదల స్థాయిలో మరణాలు తగ్గినట్టు తర్వాతి పరిశీలనల్లో స్పష్టంగా తేలలేదు, ఎందుకంటే చాలా చోట్ల వచ్చినవాళ్లకు అందాల్సిన వైద్యం అక్కడ లేదు. మన దగ్గర ఇంకో వైపు నుంచి సమస్య వచ్చింది. పైన చెప్పిన 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. అవసరం లేని కోత తల్లికి మేలు చేయదు. తర్వాతి కాన్పులో మాయ పాత కుట్టుకు అతుక్కుని తీవ్ర రక్తస్రావమయ్యే ప్రమాదం పెరుగుతుంది. ముహూర్తం చూసి కోయించుకునే అలవాటును మీ గ్రామసభలో గట్టిగా ప్రశ్నించండి. ఆ ఖర్చును ఎవరూ వృథా అని రాయరు గానీ, నా దృష్టిలో ఇది తల్లుల మీద పెట్టే అతి పెద్ద తప్పు ఖర్చు.

ఇక అంబులెన్స్. కొనడానికి దాతలు దొరుకుతారు, ప్రారంభోత్సవానికి నాయకులూ వస్తారు. డ్రైవర్ జీతం ఎవరిస్తారు? ఆర్థిక సంఘం డబ్బుతో జీతాలు ఇవ్వలేరు. ఏడాదికి 50 కాన్పులున్న ఊళ్లో వారానికి ఒక్కసారి కదిలే బండికి బీమా, టైర్లు, డీజిల్ రెండేళ్లకే భారమవుతాయి. సరిగ్గా అర్ధరాత్రి కావాల్సినప్పుడు స్టార్ట్ కాదు. 108 ఉంది, కాన్పయ్యాక తల్లీబిడ్డలను ఇంటికి దించే 102 బండ్లు ఉన్నాయి. అవి రావడం ఆలస్యమయ్యే రాత్రులకు ఊళ్లో ఇద్దరు ఆటో లేదా కారు యజమానులతో ముందే మాట్లాడి పెట్టుకోండి. బాడుగ కమిటీ ఖాతా నుంచి మర్నాడే చెల్లిస్తామని తీర్మానం రాయండి. వాళ్ల నంబర్లు అంగన్‌వాడీ గోడ మీద పెయింట్‌తో రాయించండి, కాగితం చిరిగిపోతుంది.

ఇంకొకటి. మీ పీహెచ్‌సీ నుంచి ఏ ఆసుపత్రికి రాస్తారో, అక్కడ రాత్రి పూట మత్తు డాక్టరు, రక్తం నిల్వ ఉంటాయో లేదో మీరే వెళ్లి కనుక్కోండి. లేకపోతే ఆ దారిలో పంపడం వల్ల గంటన్నర పోతుంది, నేరుగా జిల్లా ఆసుపత్రికి పంపాలి. ఈ సంగతి ఆశాకూ, ఆటో వాళ్లకూ, గర్భిణి ఇంట్లోవాళ్లకూ ముందే తెలియాలి.

మీ ఊరు ఏ ప్రాంతం, దగ్గర్లో రాత్రి సిజేరియన్ చేసే ప్రభుత్వ ఆసుపత్రి ఎంత దూరం, వచ్చే మూడు నెలల్లో నెలలు నిండేవాళ్లు ఎందరు, వాళ్లలో 9 గ్రాముల కంటే తక్కువ హిమోగ్లోబిన్ ఉన్నవాళ్లు ఎందరు? పేర్లు వద్దు, ఈ వివరాలు మాత్రం కింద రాయండి. మొదటి ఏడాది ప్రణాళికలో ఏ పని ముందు పెట్టాలో చూసి చెప్తాను.